పిన్నుల మీది కళాయి

ఒక మనిషి నోటికాడి కూడు తీసేశాను. చేత్తో కాదు, మాటతో తీశాను. ఆ సంగతి ఎరిగినవాళ్లం ఇద్దరమే, అతనూ నేనూ. అతను ఎక్కడున్నాడో, అసలు ఉన్నాడో లేదో తెలియదు. ఇక మిగిలింది నేను. ఏళ్లుగా అది నా లోపలే ఉంది. నొప్పి పెట్టదు, కదలదు, ఉండనైతే ఉంది. గొంతులో ముల్లు ఇరుక్కుంటే ముద్ద మింగి దించుకుంటాం. ఇది దిగే రకం కాదు.

నాకు రాయడం రాదు. అక్షరాలు కూడబలుక్కుంటాను, అంతవరకే. నేను చెబుతుంటే మా తమ్ముడి భార్య రాస్తోంది. చెప్పింది చెప్పినట్టే రాయమన్నాను. నా పేరు మాత్రం రాయొద్దన్నాను. ఒప్పుకుందామని కూర్చుని కూడా దాక్కోవడం మానలేదన్నమాట. మీరు నన్ను ఎరగరు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను. ఎరిగినవాళ్లయితే చెప్పేదాన్నా? చెప్పేదాన్ని కాదు.

మా ఆయన డోన్ జంక్షన్లో తంతి పని చేసేవారు. డ్యూటీలో రోజంతా టకటకా కొట్టింది చాలక, ఇంటికొచ్చి మళ్లీ అదే పని. సర్కారు నుంచి లైసెన్సు తెప్పించుకుని, వంటింటి పక్క గదిలో బల్ల మీద ఒక వైర్‌లెస్ పెట్టె కట్టుకున్నారు. వినేదీ దాంట్లోనే, పంపేదీ దాంట్లోనే. కూలికి కాదు, సరదాకి. ఎవరో బెంగళూరాయన, ఎవరో సింహళం ఆయన. ముఖాలు చూసుకోని మనుషులు గాలిలో పలకరించుకునేవాళ్లు. ఏం మాట్లాడుకుంటారని ఒకసారి అడిగాను. "ఆడ వాన పడిందా, ఈడ ఎండ కాస్తాంది, అంతే" అన్నారు. దానికింత సంబరమా అనుకున్నాను. తర్వాత ఆ సంబరం నాకూ అంటుకుంది.

మా రైల్వే ఇళ్ల వరుసను లైన్ అనేవాళ్లం, అక్కడ అప్పటికి కరెంటు లేదు. పెట్టె నడవాలంటే బ్యాటరీలే దిక్కు. బల్ల కింద రెండు ఉండేవి. ఒకటి తడిది, లోపల ఆసిడ్ పోసి ఉంటుంది. ఛార్జి దిగిపోతే బండి మీద పెట్టించి బుడ్డల మిల్లుకు, అదే వేరుశనక్కాయల మిల్లుకు పంపేవాళ్లం, అక్కడ ఇంజను దగ్గర ఛార్జి పట్టేవాళ్లు. రెండోది ఎండుది, అట్టపెట్టెలో వచ్చేది. నాకు అర్థమైనట్టు చెబుతాను. తడిది నిదానం మనిషి. పెట్టెలోని వాల్వుల్లో దీపం వత్తి లాంటి తీగ ఉంటుంది, దాన్ని వెచ్చగా వెలిగించి ఉంచడం దీని పని. ఎండుది కోపిష్టిది. దాని పోటు పెట్టెలో వేరే చోటికి పోవాలి. ఆ కోపిష్టి తీగ పొరబాటున వత్తుల చోట తగిలిందంటే వాల్వులన్నీ ఒక్క రెప్పపాటులో మాడిపోతాయి. వాల్వులు మద్రాసు నుంచి రావాలి.

కాబట్టి ఆయన దిగులంతా తీగల కొనల గురించే. మొదట కొనలను మెలిపెట్టి మరల కింద బిగించేవారు. ఊరికే తెగేవి. తర్వాత మొసలి నోరులాగా కరుచుకునే క్లిప్పులు పెట్టారు. గూడ్సు బండి పోయినప్పుడల్లా ఇల్లు అదిరేది, నాపబండల మీద బల్ల అదిరేది, క్లిప్పు జారేది. ఒకరోజు జారిన క్లిప్పు ఇంకో తీగ మీద పడి చిటపటమంది. వాల్వులు ఎలాగో బతికాయి. ఆయన మాత్రం రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. తప్పు పెడదామన్నా పట్టని కొనలు కావాలి అన్నారు. ఇనుముతో చేస్తే ఆసిడ్ ఆవిరికి తుప్పు. సీసంతో చేస్తే వంగుతుంది. ఇత్తడి గట్టిదే గానీ చిలుము పడుతుంది. చివరికి ఇత్తడికి కళాయి, అంటే తగరం పూత, పూస్తే సరి అని తేల్చారు.

కళాయి అంటే మా లైన్‌కి మస్తానే.

మస్తాన్ సాయిబు గడ్డానికి గోరింటాకు పెట్టుకునేవాడు. కొలిమి తిత్తి భుజాన వేసుకుని వచ్చి, లైన్ చివర గుంత తవ్వి బొగ్గులు రాజేసి, ఇంటింటి ఇత్తడి గిన్నెలకూ కళాయి పూసేవాడు. నేను అన్నా అని పిలిచేదాన్ని. ఆయన పెట్టె చూపించి, ఏం కావాలో చెబితే మస్తాన్ పగలబడి నవ్వాడు.

"బిందెలకు పూసే చేత్తో సింహళానికి తీగలు బిగించాల్నా సామీ? మా ఇంటిదానికి చెప్తే కల్లు తాగొచ్చినావా అంటాది."

"నీ ఇంటిది ఏమన్నా అననీలేప్పా. పట్టు మాత్రం తప్పగూడదు."

"తప్పదులే సామీ. పెండ్లామన్నా చెయ్యి ఇడుస్తాది గానీ ఇది ఇడవదు."

నిజంగానే విడవలేదు. తడి బ్యాటరీ తీగలకు చపటాగా రెండు నాలుకలు చేశాడు. ఎండు బ్యాటరీ తీగలకు గుండ్రటి పిన్నులు రెండు. ఒక్కో జంటను ఒక్కో చింతచెక్క ముక్కలో కూర్చోబెట్టాడు. వెనకవైపు మర తిప్పితే పిన్ను ఊడి వస్తుంది, తీగ వదులవుతుంది. పెట్టె వీపున నాలుకలకు చీలికలు, పిన్నులకు బెజ్జాలు. నాలుక బెజ్జంలో పట్టదు, పిన్ను చీలికలో దూరదు. అన్నిటికీ తెల్లగా కళాయి. కళ్లు మూసుకుని పెట్టినా తప్పు పోదు అని ఆయన మురిసిపోయారు.

వాటి బాగోగులు నాకు అప్పగించారు. మరలు వదులైతే బిగించడం, గుడ్డతో తుడవడం, తడి బ్యాటరీ కొనలకు వ్యాజిలీను పూయడం, తగ్గితే నీళ్లు పోయడం. చదువురాని ఆడదాన్ని, పిల్లలు కూడా కలగలేదు. ఆ మాట లైన్‌లో ఎవరో ఒకరు గుర్తుచేస్తూనే ఉండేవాళ్లు. అలాంటిది, స్టేషన్ నుంచి స్నేహితులు వచ్చినప్పుడు ఆయన పెట్టె చూపించి, "దీనికి ఇంజనీరు నేను కాదప్పా, మా ఇంట్లో ఆమె" అనేవారు. నేను తలుపు వెనక నిలబడి వినేదాన్ని. కాఫీ చల్లారిపోయేది, అయినా కదిలేదాన్ని కాదు.

ఆ యేడు దసరాకు ముందు మస్తాన్ లైన్‌కి వచ్చాడు. పండగ కదా, అందరి గిన్నెలూ అతని దగ్గరే. మా ఇంటికీ వచ్చి, ఒక నాలుక వెనక మర వదులైందంటే లోపలికొచ్చి బిగించి పోయాడు. ఆ సంగతి ఆయనకు తెలుసు. దీన్ని గుర్తుపెట్టుకోండి. నేను వాడుకున్నది దీన్నే.

మరునాడు ఆయుధ పూజ. ఆయన డ్యూటీకి పోయారు. మా ఇళ్లల్లో ఆనాడు పనిముట్టు ఏదైనా కడిగి బొట్టు పెడతాం. కత్తిపీట, రోలు, సైకిలు. మరి మా ఇంట్లో అసలు పనిముట్టు ఆ పెట్టే కదా. కుందులు, పళ్లెం తోముదామని చింతపండు, ఇటుక పొడి ముందు వేసుకుని కూర్చున్నాను. పిన్నులు గుర్తొచ్చాయి. కళాయి తెలుపు కాస్త మసకబారింది. అమ్మవారి ముందు మసకగా పెట్టడమేమిటి అనిపించింది. మరలు తిప్పి నాలుగూ ఊడదీశాను. కుందులతో పాటు వాటినీ తోమాను. బాగా తోమాను. కసిదీరా తోమాను. కళాయి లేచిపోయి లోపలి ఇత్తడి పసుపుపచ్చగా మెరిసింది. నాకు అదే అందం అనిపించింది. కళాయి అక్కడ ఎందుకు పూశారో నాకు తెలుసు, అయినా ఆ క్షణానికి మెరుపే కనబడింది.

తిరిగి బిగించేటప్పుడు రెండు జతల తీగలు వేలాడుతున్నాయి. రెండూ ఒకే చుట్ట నుంచి కోసినవి, ఒకే గుడ్డ తొడుగు. ఏ జత ఏ బ్యాటరీదో తెలియాలంటే బల్ల కిందికి వంగి, తీగ వెంట చెయ్యి పోనిచ్చి చూస్తే చాలు. వంగలేదు. తలంటి పోసుకుని మడి కట్టుకుని ఉన్నాను. ఆసిడ్ బ్యాటరీని తాకితే మడి పోతుంది, చీరకు చిల్లి పడుతుంది. ఎడమచేతి వైపుది తడిది అని గుర్తున్నట్టే అనిపించి, నాలుకలు దానికే బిగించాను. పిన్నులు రెండోదానికి. పసుపు రాసి, కుంకుమ పెట్టి, పువ్వు పెట్టాను. చూసుకుని మురిసిపోయాను కూడా.

ఆయన పొద్దు వాలకముందే వచ్చారు. కొబ్బరికాయ కొట్టారు. హారతి ఇచ్చారు. పండగ పూట సింహళం ఆయనను పలకరిస్తానని, పెట్టె వెనక్కి చెయ్యి పోనిచ్చి, చూడకుండానే, తడుముకుని నాలుకలు చీలికల్లోకి, పిన్నులు బెజ్జాల్లోకి దూర్చారు. ఆ ఆకారాలు ఉన్నదే అందుకు. చూడనక్కర లేకుండా నమ్మడానికి.

పెట్టె లోపల వాల్వులు అన్నీ ఒకేసారి మతాబాలా వెలిగాయి. ఆరిపోయాయి. పెద్ద చప్పుడు కూడా లేదు.

ఆయన అరవలేదు. పీట మీద కూర్చుని చాలాసేపు అలాగే చూశారు. తర్వాత బల్ల కిందికి వంగి, తీగల వెంట చెయ్యి పోనిచ్చి చూశారు. నేను చేయాల్సి ఉండి చేయని పని, నా కళ్ల ముందే చేశారు. "నాలుకలు ఎండుదానికి బిగించినాడు" అన్నారు. బిగించినాడు అన్నారు, గమనించారా? బిగించినావు అనలేదు. నన్ను అనుమానించడం ఆయనకు తోచనే లేదు. నేను నోరు తెరిచి ఉంటే అక్కడే తేలిపోయేది. తెరవలేదు. రేపు చెబుదాంలే అనుకున్నాను. నిజంగా అనుకున్నానా, ఇప్పుడు అనుకుంటున్నానా? తెలియదు.

మరునాడు పొద్దున మస్తాన్‌ను పిలిపించారు. వీధి తలుపు తెరిచే ఉంది. ఎదురింటావిడ ముగ్గు పెడుతూ ఉంది.

"ఏం పని చేసిపోతివప్పా? యాడ బిగించాల్సినవి యాడ బిగించినావు?"

మస్తాన్ చెక్క ముక్క చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. "ఇట్ల నేను బిగించలే సామీ. మొన్న ఒక మర వదులైంటే తిప్పినా, అంతే. ఊడదీయనే లేదు." పిన్నును గోటితో గీశాడు. "ఇదేంది, ఇంత పచ్చగా ఉండాది? నా కళాయి యాడబాయె? ఎవురో ఊడదీసి రుద్దినారు సామీ వీటిని."

అప్పుడు నా వైపు చూశాడు. కోపంగా కాదు. ఏదో దారి చూపిస్తున్నట్టు.

"అమ్మా, పండగని తోమినావా ఏమన్నా? తోమింటే చెప్పు మా. తెలీక చేసింటావు. దాంట్లో ఏముండాది?"

ఆయన కూడా నా వైపు తిరిగారు. "తోమినావా?"

"నేను బొట్టు పెట్టినా, అంతే" అన్నాను. అక్కడితో ఆగి ఉంటే అబద్ధం ఒకటే. ఆగలేదు. "మంచి కళాయి అయితే ఊరికే లేచిపోతాదా?"

మస్తాన్ చెక్క ముక్కను బల్ల మీద పెట్టేశాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "మీ ఇంట్లో అన్నం గిన్నెకు ఉండేది గూడా నా కళాయే మా. అది ఎప్పుడన్నా లేచిందా?"

నేను లోపలికి పోయాను. పొయ్యి మీద ఏమీ లేదు, అయినా పొయ్యి దగ్గర నిలబడ్డాను.

ఎదురింటావిడ విన్నది. వినడమేమిటి, ఆ మాట అప్పుడే ఇల్లిల్లూ తిరిగింది. ఇత్తడి గిన్నెలో కళాయి లేచిపోతే పులుసు చిలుమెక్కి విషమవుతుంది. ప్రతి ఆడదానికీ ఉండే భయమే అది. ఎవరింట్లోనో బిడ్డకు కడుపునొప్పి వచ్చింది. మస్తాన్ పూసిన గిన్నె వల్లే అన్నారు. బావి దగ్గర ఇంకొకావిడ, పండగ పూట కావాలనే చేసి ఉంటాడు, వాళ్లకు మన పండగ గిట్టదు అంది. అప్పుడూ నేను అక్కడే ఉన్నాను. బిందె నెత్తిన పెట్టుకుని ఇంటికి వచ్చేశాను.

ఆ తర్వాత అతను ఇంకోసారి వచ్చాడు. లైన్ చివర ఎప్పటిలాగే గుంత తవ్వి, బొగ్గులు రాజేసి, తిత్తి ఊదుతూ కూర్చున్నాడు. ఎవరూ గిన్నెలు తేలేదు. కిటికీలోంచి చూశాను. మా ఇంట్లో కళాయి అవసరమైన గిన్నె ఒకటి ఉంది. దాన్ని పట్టుకుని ఆ గుంత దాకా నడిస్తే, నోటితో ఏమీ చెప్పకపోయినా లైన్ అంతా అర్థం చేసుకునేది. గిన్నె చేతిలోకి తీసుకున్నాను కూడా. మళ్లీ ఉట్టి మీద పెట్టేశాను. బొగ్గులు బూడిదయ్యే దాకా కూర్చుని, నీళ్లు చల్లి, గుంత పూడ్చి పోయాడు. గుత్తి పోయాడని కొందరన్నారు. తాడిపత్రి అని కొందరు. డోన్‌కి మాత్రం మళ్లీ రాలేదు.

మద్రాసు నుంచి కొత్త వాల్వులు వచ్చాయి. పిన్నులు ఆయనే కొత్తగా చేసుకున్నారు. ఆయన చేతికి ఆ పని రాదు. ఊరికే వదులయ్యేవి. వదులైనప్పుడల్లా, తాను చేసినవే అయినా, "ఇదొక మస్తాను బిగింపు" అని నవ్వేవారు. స్నేహితులు నవ్వేవారు. బిగించేది నేనే. నన్ను ఇంజనీరు అనడం ఆయన మానలేదు. ఆ మాట విన్నప్పుడల్లా మునుపటిలాగే తలుపు వెనక నిలబడేదాన్ని. సంతోషం ఉండేది కాదు, అలవాటుకి నిలబడేదాన్ని. తర్వాత యుద్ధం వచ్చింది. యుద్ధంలో ఇళ్లల్లో వైర్‌లెస్ ఉండకూడదని సర్కారు పెట్టెను పట్టుకుపోయింది. ఆయన చాలా రోజులు ఖాళీ బల్ల ముందు కూర్చునేవారు. మన్యం జ్వరమో ఏదో వచ్చి ఆయన పోయారు. మంచాన పడి ఉన్నప్పుడు పక్కనే కూర్చున్నాను. చెప్పడానికి కావలసినంత పొద్దు ఉండింది. కాళ్లు ఒత్తాను. చెప్పలేదు.

దేనికి భయపడ్డాను? ఆయన నన్ను ఏనాడూ కొట్టలేదు, గట్టిగా తిట్టలేదు. నేనే చేశానని చెబితే పోనీలే అనేవారు. అంతే అనేవారు. ఇంకెప్పుడూ ఇంజనీరు అనేవారు కాదేమో. నాకు అదే భయం. ఒక్క మాట పొగడ్త నిలుపుకోవడానికి ఒక మనిషి పొయ్యి ఆర్పాను. ఆ పొయ్యి దగ్గర ఎంతమంది తినేవాళ్లో నాకు తెలియదు. ఇంటిదాని గురించి నవ్వుతూ చెప్పేవాడు, పిల్లల గురించి నేను ఎప్పుడూ అడగలేదు.

తోమడం పొరబాటే. బిగించడం పొరబాటే. వాటికి నేను ఏడవను. "మంచి కళాయి అయితే" అన్నానే, అది పొరబాటు కాదు. ఆ మాట ఎక్కడ తగులుతుందో తెలిసే అన్నాను. అతని చేతిపని మీద కొడితే అతను ఇక మాట్లాడలేడని నాకు అప్పుడే తెలుసు.

ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, మా తమ్ముడికీ ఇదే లైన్‌లో ఇల్లిచ్చారు, నేను వాళ్ల దగ్గరే ఉంటున్నాను. లైన్‌లో పాతవాళ్లెవరూ లేరు, అందరూ బదిలీల మీద పోయారు. మొన్న బావి దగ్గర కడియం ఊడి బొక్కెన నీళ్లలో పడిపోయింది. ఇప్పుడు ఇది రాస్తున్న ఈ మరదలే చేతులు దులుపుకుని, "పాడుగాను, మస్తాను బిగింపు!" అంది. నేను తాడు వదిలేశాను.

"ఆ మాట నీకెవురు చెప్పినారు?"

"అందరూ అంటారు గదా వదినా. సరిగ్గా బిగించకుంటే అట్లే అంటారు ఈడ."

"మస్తాను ఎవురో తెలుసునా?"

"మస్తాను మనిషా?" అంది. నవ్వింది కూడా, నేనేదో పరాచికాలాడుతున్నాననుకుని.

ఆయన పోయారు. పెట్టె పోయింది. లైన్‌లో మనుషులు మారిపోయారు. నా అబద్ధంలోంచి పుట్టిన ఆ మాట మాత్రం ఇక్కడే కాపురం చేస్తోంది. అతను ఊరు విడిచినా అతని పేరును వెళ్లనివ్వలేదు. ఈ పిల్లకు అతని మీద ఏ కోపమూ లేదు, అతనెవరో కూడా తెలియదు. తెలియకుండానే రోజూ తిడుతోంది. రేపు దీని పిల్లలు తిడతారు.

నన్ను క్షమించమని మీకు చెప్పడం లేదు. క్షమించడానికి మీరెవరు? క్షమించగలిగినవాడు గుత్తిలోనో, తాడిపత్రిలోనో, మట్టిలోనో ఉన్నాడు. అతను ఎదురైతే ఏం చేస్తానో చెప్పమంటే, అదీ చెప్పలేను. మళ్లీ పొయ్యి దగ్గరికే పోతానేమో. నన్ను నేను అంత నమ్మను.

ఇక్కడ మరదలు రాయడం ఆపింది. నా ముఖం చూడలేదు. రాయి, అన్నాను. మస్తాన్ సాయిబు అనే మనిషి డోన్‌లో కళాయి పూసేవాడు. అతను బిగించింది ఏనాడూ ఊడలేదు. పిన్నులు తోమిందీ, తప్పుగా బిగించిందీ, అబద్ధం చెప్పిందీ నేను.

రాసింది. ఆ ముక్క ఒక్కటీ పైకి చదవమన్నాను. మెల్లగా, ఒక్కో అక్షరం పట్టుకుని చదివింది. అది నా గొంతు కాదు. ఇన్నేళ్లలో ఆ మాట నా బయటినుంచి నాకు వినపడడం ఇదే మొదలు. ఇంకోసారి చదవమన్నాను.